రేణిగుంట నుంచి పూణెకు ఎత్తైన మిషన్: పర్మిషన్ కంటే ముందు ఎత్తు తగ్గించుకోండి

అడిగింది ఇదీ: రేణిగుంట షెడ్డులో తయారైన ప్రాసెస్ మిషన్ ఒకటి పూణెకు పోవాలి. పొడవు 6 మీటర్లు, వెడల్పు 2.5, బరువు 14 టన్నులు. కింద చెక్క స్కిడ్‌తో (మిషన్ కూర్చున్న చెక్క దిమ్మెల చట్రం) కలిపి ఎత్తు 3.75 మీటర్లు. చేతిలో మామూలు నలభై అడుగుల ట్రెయిలర్ ఉంది. దాని మీదే ఎక్కించి, కరెంటు తీగలు అడ్డొస్తే ఎత్తడానికి పైన ఒక మనిషిని కర్రతో కూర్చోబెట్టి తీసుకుపోవచ్చా? మూడు రాష్ట్రాలు దాటాలంటే ఏ కాగితాలు కావాలి?

ముందుగా ఆ కర్ర మనిషిని లెక్కలోంచి తీసేయండి. మామూలు ట్రెయిలర్ డెక్, అంటే సరుకు పెట్టే తలం, నేల నుంచి దాదాపు 1.5 మీటర్లు ఉంటుంది. దాని మీద 3.75 అంటే 5.25. అక్కడ మనిషి కూర్చుంటేనే తల 6.1 దాటుతుంది. రోడ్డు దాటే 11 కేవీ తీగకు ఉండాల్సిన కనీస ఎత్తు 6.1 మీటర్లే. ఇళ్లకు పోయే ఎల్‌టీ తీగకైతే 5.8. అంటే తీగలన్నీ రూలు ప్రకారం ఉన్నా అతని తల తీగల మట్టంలోనే ఉంటుంది. పచ్చి వెదురు, తడి కర్ర కరెంటును ఆపవు. ఈ పని చేయబోయి క్లీనర్లు చనిపోవడం మన రోడ్ల మీద కొత్త కాదు. పెళ్లాం బిడ్డలున్న మనిషిని అక్కడ కూర్చోబెట్టే హక్కు బండి ఓనరుకు లేదు, సరుకు ఓనరుకూ లేదు.

ఇక అసలు లెక్క. మీ వెడల్పు రూలు హద్దు 2.6 మీటర్ల లోపే ఉంది, బరువు ఇబ్బందేమీ లేదు, చిక్కంతా ఎత్తుతోనే. కాబట్టి ఏ బండి తీసుకుంటారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. లో-బెడ్ అంటే డెక్ కిందికి దించి కట్టిన ట్రెయిలర్. సెమీ లో-బెడ్ డెక్ దాదాపు 1.15 ఉంటుంది, దాని మీద మీ మిషన్ 4.90 అవుతుంది. పూర్తి లో-బెడ్ అయితే 0.9 చొప్పున 4.65. ఇప్పుడు దారిలో ఉన్న హద్దులు చూడండి. హైవే మీద పెద్ద బండ్ల అండర్‌పాస్‌లు, ఫుట్ బ్రిడ్జిలు, సైన్ బోర్డులు 5.5 మీటర్ల లెక్కన కడతారు. కరెంటు లైను ఉన్న రైల్వే గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా కట్టిన ఇనుప కమ్మీ 4.78 మీటర్లు. మామూలు ట్రెయిలర్ మీద 5.25తో పోతే హైవే వంతెన కింద మిగిలేది జానెడు కంటే కొంచెం ఎక్కువ, రైల్వే గేటు అసలు దాటలేరు. సెమీ లో-బెడ్ మీదా గేటు దగ్గర ఆగిపోతారు. లో-బెడ్ ఒక్కటే 13 సెంటీమీటర్ల సందుతో దాటుతుంది.

అక్కడితో ఆగకండి. ఆ చెక్క స్కిడ్ 150 మిల్లీమీటర్లు ఉంటుంది, అది ఫోర్క్‌లిఫ్ట్ కోసం పెట్టింది. రెండు వైపులా క్రేన్ దొరికేటట్టయితే స్కిడ్ తీసేసి, ఫ్రేము కిందికి సరిపోయే గట్టి చెక్కలు, రబ్బరు మ్యాట్లు కలిపి 50 మిల్లీమీటర్ల ప్యాకింగ్ మీద కూర్చోబెట్టండి. 3.60, 0.05, 0.90 కలిపితే 4.55. పది సెంటీమీటర్లు ఊరికే వచ్చాయి. తర్వాత పైన ఏముందో చూడండి. ఫ్యాన్ మోటారు, పొగ గొట్టం, లైటు, ఎత్తడానికి పెట్టిన కొక్కేలు. బోల్టుతో ఊడేది ఏదైనా ఊడదీసి, గుర్తు వేసి, వేరే పెట్టెలో పంపాలి. పక్కకు పడుకోబెట్టి తీసుకుపోదామనే ఆలోచన మాత్రం తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేయండి. నిలువు షాఫ్ట్ బేరింగులు, గేర్‌బాక్సు నూనె అడ్డంగా ఉండే ప్రయాణానికి తయారు చేసినవి కావు. మిషన్ చేరుతుంది గానీ, నెల తిరక్కుండా శబ్దం మొదలవుతుంది.

లో-బెడ్ బాడుగ ఎక్కువ, నిజమే. అయితే ఒక్క రైల్వే గేటు దగ్గర కరెంటు బ్లాకు (రైల్వే వాళ్లు పైతీగలో కరెంటు ఆపే సమయం) కోసం రోజుల తరబడి నిలబడిపోతే అంతకంటే ఎక్కువే పోతుంది. లో-బెడ్‌కు ఒక లోపం ఉంది, దాన్ని మరిచిపోకూడదు. డెక్ కింద ఖాళీ మూరెడు కూడా ఉండదు. ఎత్తుగా కట్టిన రైలు పట్టాల గేటు మీద, పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద కడుపు తగులుకుంటుంది. పట్టాల మధ్య కడుపు ఆని చక్రాలు తేలిపోతే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. కాబట్టి రూట్ చూసేటప్పుడు పైకి ఎంత చూస్తారో కిందికీ అంతే చూడాలి.

కొలత. డ్రాయింగులో ఉన్న ఎత్తు నమ్మవద్దు. మిషన్ ఎక్కించి, గొలుసులు బిగించి, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత పెట్టి, చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి కొలవండి. పైన వంకర లేని పట్టీ ఒకటి అడ్డంగా పెట్టి, లెవెల్ చూసి, దాని చివర నుంచి నేలకు టేపు వదలాలి. నాలుగు మూలల్లోనూ కొలిచి అన్నిటికంటే పెద్ద అంకె తీసుకోండి. గాలి సస్పెన్షన్ ఉన్న ట్రెయిలర్ అయితే ప్రయాణంలో ఉండే మట్టంలో పెట్టాకే కొలవాలి. టార్పాలిన్ కప్పితే దాని ముడి, తాడు కూడా ఎత్తే. గాలికి ఉబ్బిన టార్పాలిన్ ఒక బెత్తెడు లేస్తుంది, అందుకని పైభాగాన్ని బిగుతుగా లాగి కట్టాలి. వచ్చిన అంకెను పెద్ద అక్షరాలతో రాసి డ్రైవరు కళ్ళెదుట, స్టీరింగు పైన అతికించండి. మీటర్లలోనూ అడుగుల్లోనూ రాయండి, ఎందుకంటే పాత వంతెనల మీద ఏది రాసి ఉంటుందో చెప్పలేం. 4.55 మీటర్లు అంటే 14 అడుగుల 11 అంగుళాలు.

వంతెన మీద రాసిన అంకె కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. బోర్డు పెట్టిన రోజు 5.5 నిజమే. తర్వాత తారు మీద తారు రెండుసార్లు పోస్తే రోడ్డు పైకి వస్తుంది, బోర్డు మారదు. ఇంకో సంగతి: వంతెన కింద రోడ్డు పల్లంగా దిగి మళ్ళీ ఎక్కుతుంటే, పొడవాటి బండి ముందు చక్రాలూ వెనక చక్రాలూ రెండు వైపులా ఎత్తు మీద ఉంటాయి, నడిమి భాగం పల్లం మీద వంతెనలా నిలబడుతుంది. చక్రాల మధ్య దూరం 10 మీటర్లు, పల్లపు వంపు వ్యాసార్థం 250 మీటర్లు అనుకుంటే నడిమి సరుకు 5 సెంటీమీటర్లు పైకి వచ్చినట్టే. 13 సెంటీమీటర్ల సందే ఉన్నచోట 5 పోతే మిగిలేది ఎంతో మీరే చూడండి. అందుకే నిలబడి ఉన్న కట్టడం దగ్గర 15 సెంటీమీటర్ల కంటే తక్కువ సందు ఉంటే మనిషి దిగి, పక్కన నిలబడి చూస్తూ, నడక వేగంతో దాటించాలి. 30 ఉంటేనే మామూలుగా పోవచ్చు.

ఇప్పుడు దారి. రేణిగుంట నుంచి చంద్రగిరి, పూతలపట్టు, చిత్తూరు, బంగారుపాళ్యం, మొగిలి ఘాటు, పలమనేరు, నంగిలి, ముళబాగిలు, కోలారు, హోస్కోటె. బెంగళూరు ఊళ్లోకి పోకుండా హోస్కోటె దగ్గర తిరిగి దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర మీదుగా దాబస్‌పేటలో 48వ నంబరు హైవే అందుకోవాలి. అక్కడి నుంచి తుమకూరు, దావణగెరె, హుబ్బళ్ళి, బెళగావి, కొల్హాపుర్, సాతారా, పూణె. దాదాపు 1,100 కిలోమీటర్లు. హైవే మీద ఉన్నంతసేపు 4.55 ఎత్తుకు పెద్ద భయం లేదు. భయమంతా హైవే ఎక్కే ముందు, దిగిన తర్వాత, పని జరుగుతున్నచోట పక్కకు మళ్లించినప్పుడు.

తిరుపతి ఊళ్లోకి అసలు తలపెట్టొద్దు. వెస్ట్ చర్చ్ దగ్గర ఉన్నలాంటి రైల్వే అండర్ బ్రిడ్జి మీ బండికి దారే కాదు. మే నెలలో గంగమ్మ జాతర, తర్వాత బ్రహ్మోత్సవాల రోజుల్లో రోడ్డుకు అడ్డంగా వెదురుతో స్వాగత తోరణాలు, సీరియల్ లైట్ల తీగలు కడతారు. వారం కిందట చూసిన రూటు ఆ రోజుకు పనికిరాదు. చిత్తూరు వైపు పాత రోడ్డు ముక్కల్లో చింతచెట్లు ఉన్నాయి. కొమ్మ గాలికి ఊగితే కిందికి వస్తుంది, వాన పడితే బరువెక్కి ఇంకా వంగుతుంది. పైగా మలుపులో రోడ్డు లోపలికి వాలి ఉంటుంది. వాలు 5 శాతం ఉన్నా 4.55 ఎత్తున ఉన్న మిషన్ అంచు దాదాపు 23 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రోడ్డు అంచున ఉన్న చెట్టు మానుకు, దీపస్తంభానికి తగిలేది ఇలాంటిచోటే.

కొల్హాపుర్, సాతారా మధ్య రోడ్డు వెడల్పు చేసే పనులు సాగుతున్న చోట్ల బండ్లను సర్వీసు రోడ్డులోకి తిప్పుతారు. అక్కడ చిన్న బండ్ల అండర్‌పాస్ ఎదురైతే దాని ఎత్తు 4 మీటర్లే, మీరు దాటలేరు. వెనక వంద బండ్లు ఆగి ఉంటాయి, ట్రెయిలర్ వెనక్కి తిప్పడానికి చోటుండదు. ముందు నడిచి దారి చూసే పైలట్ బండి కనీసం అర కిలోమీటరు ముందుండాలి అనేది ఇందుకే.

ఖంబాట్కి ఘాటు గురించి విడిగా చెప్పాలి. సాతారా నుంచి పూణె వైపు పోయే బండ్లు అక్కడి పాత సొరంగం గుండా పోతాయి. కొత్త జంట సొరంగాలు కూడా ఆ పక్కనే తవ్వారు కాబట్టి మీరు పోయే వారం ఏ దారి తెరిచి ఉందో కనుక్కోండి. ఏ సొరంగమైనా పైకప్పు విల్లులా వంగి ఉంటుంది. నడిమధ్యన ఎత్తు ఎంత అన్నది మీకు సరిపోదు. మీ మిషన్ పెట్టె ఆకారం, 2.5 మీటర్ల వెడల్పు. దాని పై మూల వంపుకు ముందు తగులుతుంది. కొలవాల్సింది నడిమధ్య నుంచి రెండు వైపులా 1.25 మీటర్ల దూరంలో, ఇంకా ఒక జానెడు కలుపుకొని, అక్కడ ఎంత ఎత్తు ఉంది అన్నది. లైట్లు, ఫ్యాన్లు వేలాడుతుంటే వాటి కిందికి కొలవాలి.

ఆ సొరంగం దాటాక దిగుడు, వంకర మలుపులు. ఎత్తు బండికి అసలు గండం ఇక్కడే. 60 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకుందాం. 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బరువులో 12 శాతం పక్కకు తోస్తుంది. 40తో 21 శాతం, 50తో 33 శాతం. పైన బరువు ఉన్న ట్రెయిలర్ 30 శాతం దగ్గర్లోనే లోపలి చక్రాలు లేపడం మొదలుపెడుతుంది. డ్రైవరుకు అది క్యాబిన్‌లో తెలియదు, వెనక చక్రాలు లేచాక చేయగలిగింది ఏమీ ఉండదు. ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, మలుపుకు ముందే వేగం తగ్గాలి, మలుపులో బ్రేకు తొక్కకూడదు. మొగిలి ఘాటు మీకు పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు.

గొలుసులు. ముందుకు గట్టి బ్రేకు పడితే సరుకు బరువులో 80 శాతం ముందుకు తోస్తుందని లెక్క పెట్టుకోవాలి, పక్కలకు, వెనక్కి 50 శాతం. మీ 14 టన్నులకు ముందుకు 11.2 టన్నులు. ఇనుప డెక్ మీద ఉత్త చెక్క పెడితే రాపిడి 4.2 టన్నులు మాత్రమే ఆపుతుంది, మిగతా 7 టన్నులు గొలుసులే ఆపాలి. మంచి రబ్బరు మ్యాటు పెడితే రాపిడి ఒక్కటే 8.4 టన్నులు ఆపుతుంది, గొలుసులకు 2.8 మిగులుతుంది. ఒక్క మ్యాటుతో ఇంత తేడా. డెక్ మీద నూనె, మట్టి, ఇసుక ఉంటే ఈ లెక్క మొత్తం పోతుంది, కడిగి ఆరబెట్టాకే ఎక్కించండి. గ్రేడ్ 80 గొలుసు 10 మిల్లీమీటర్లది 6.3 టన్నుల దాకా పట్టుకుంటుంది. నాలుగు మూలల నుంచి నాలుగు వైపులకు ఏటవాలుగా లాగి కట్టండి. బ్రేకు పడ్డప్పుడు నాలుగూ పనిచేయవు, వెనక్కి లాగే రెండే పనిచేస్తాయి. ఏటవాలు వల్ల ఒక్కోటి దాని శక్తిలో దాదాపు 60 శాతమే ముందుకు పోకుండా లాగుతుంది. రెండూ కలిసి ఏడున్నర టన్నులు, సరిపోతుంది. వెడల్పాటి పట్టీలు పైనుంచి అదనంగా వేయండి గానీ గొలుసులకు బదులుగా వద్దు.

గొలుసు మిషన్ ఫ్రేముకే తగిలించాలి. పైపుకో, రేకు తొడుగుకో, మోటారు కాలికో కట్టితే అది వంగి, గొలుసు వదులై, నూరు కిలోమీటర్లలో సరుకు కదులుతుంది. అంచు దగ్గర గొలుసు కింద ఇనుప కోణం గానీ మందపాటి రబ్బరు గానీ పెట్టాలి. బయల్దేరిన 20, 30 కిలోమీటర్లలో ఒకసారి ఆపి మళ్ళీ బిగించండి. చెక్క ప్యాకింగు నలిగి కూర్చుంటుంది, గొలుసు వదులవుతుంది, ఇది ప్రతిసారీ జరిగేదే. పూతలపట్టు చేరేలోపు మొదటి ఆపు పెట్టుకోండి. తర్వాత ఎక్కడ టీకి ఆగినా చేతితో తట్టి చూడాలి.

కరెంటు తీగలకు ఒకే పద్ధతి ఉంది, అది లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే కరెంటు ఆపించి ఆ లైను మీద పనికి తీసుకునే అనుమతి. షెడ్డు నుంచి హైవే దాకా, హైవే నుంచి పూణె ఫ్యాక్టరీ దాకా దారిలో తీగలన్నీ ముందుగా కొలిచి రాసుకోండి. మధ్యాహ్నం ఎండలో కొలవండి, తీగ వేడెక్కి సాగి కిందికి దిగేది అప్పుడే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచిన అంకెతో మోసపోతారు. ఇటువైపు కరెంటు సంస్థ దక్షిణ డిస్కం ఆఫీసు తిరుపతిలోనే ఉంది, దరఖాస్తు ఆ ప్రాంతపు అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) ఇవ్వాలి. చెప్పిన సమయానికి సబ్‌స్టేషన్‌లో ఫీడర్ (ఆ ప్రాంతానికి కరెంటు పంపే లైను) ఆపుతారు, లైన్‌మ్యాన్ వచ్చి ఎల్‌సీ తీసుకుని, లైనులో కరెంటు లేదని పరీక్షించి, ఎర్త్ వేసి (తీగలను నేలకు కలిపి), అప్పుడు తీగ ఎత్తుతాడు. లేదా విప్పి పక్కకు తీస్తాడు. బండి దాటాక ఎర్త్ తీసి, మనుషులందరూ దిగారని చూసుకుని ఎల్‌సీ తిరిగి ఇస్తాడు. ఈ వరుసలో ఏ మెట్టూ దాటవేయకూడదు. ఫోన్‌లో "కరెంటు తీసేశారంట, పోనీ" అన్న మాట మీద కదిలితే, పక్క ఫీడర్ నుంచో, ఇంట్లో ఇన్వర్టర్ నుంచో, జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి వచ్చి ఉండొచ్చు. కర్ణాటకలో బెంగళూరు చుట్టూ బెస్కాం, హుబ్బళ్ళి వైపు హెస్కాం, అటు మహావితరణ్. కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగలు కరెంటువి కావని తేలిగ్గా తీసుకుంటారు. తెగితే స్తంభాన్ని పట్టుకు లాగుతాయి, ఆ స్తంభం మీదే ఎల్‌టీ తీగలూ ఉంటాయి.

రైల్వే గేటు దగ్గర మీ 4.55 కమ్మీ కింద పడుతుంది. పైన 25 కేవీ తీగ 5.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి మీద మనిషి ఉండకూడదు, రైల్వే వాళ్లే తమ పనివాళ్లను ఆ తీగకు 2 మీటర్ల దూరంలో ఉండమంటారు. ఎత్తు 4.78 దాటితే డివిజన్ ఆఫీసు అనుమతి, కరెంటు బ్లాకు, వాళ్ల మనుషులు వచ్చి నిలబడటం తప్పనిసరి. రేణిగుంట ప్రాంతానికి గుంతకల్ డివిజన్. కమ్మీని ఎత్తించి, గేట్‌మ్యాన్‌ను బతిమాలి దాటేద్దామని ఎవరు చెప్పినా వినకండి.

కాగితాల సంగతి. 2020లో మార్చిన లెక్క ప్రకారం మామూలు సరుకు బండి ఎత్తు 4 మీటర్లు, కంటైనర్ ట్రెయిలర్లకు 4.52. మీది 4.55. మూడు సెంటీమీటర్లే కదా అనుకోవద్దు, ఆ 4.52 కంటైనర్లకు ఇచ్చింది, మీకు వర్తించదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద హద్దు మీరిన సరుకుకు 20 వేల రూపాయల జరిమానా, పైగా సరుకు సరిచేసేదాకా బండి కదలనివ్వరు, దించే ఖర్చూ మీదే. విడదీయలేని ఒకే సరుకు అయితే ముందస్తు అనుమతి తీసుకోవచ్చు. జాతీయ రహదారులకు కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. జాతీయ రహదారి కాని ముక్కలకు ఇక్కడ ఆర్ అండ్ బీ, అవతల పీడబ్ల్యూడీ. సరుకు డ్రాయింగు, ఎక్కించిన తర్వాత ముందు నుంచీ పక్క నుంచీ గీసిన బొమ్మ, ఆక్సిల్ వారీ బరువు, బండి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, ఊరూరూ పేర్లతో రూటు సిద్ధంగా పెట్టుకోండి. అనుమతిలో రాసిన రూటు తప్పితే అనుమతి లేనట్టే. రవాణా బీమా తీసుకునేటప్పుడు కొలతలు దాచకండి. ఒక్క మాట: ఏ ఆఫీసు ఇచ్చిన కాగితమూ వంతెన ఎత్తును కొలిచి ఇచ్చింది కాదు. రూట్ సర్వే మీ పనే.

ఈ-వే బిల్లులో, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే బిల్లులో, చాలామంది తప్పు చేస్తారు. వాహనం రకం దగ్గర మామూలుది ఎంచుకుంటే రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన 1,100కు 6 రోజులే వస్తుంది. కొలత మీరిన సరుకు అని ఎంచుకుంటే రోజుకు 20 కిలోమీటర్లు, అంటే 55 రోజులు. మీ సరుకు ఆ నిర్వచనంలోకి వస్తుంది, అదే ఎంచుకోండి. ఎల్‌సీ కోసం రెండు రోజులు ఆగినా గడువు భయం ఉండదు.

పైలట్ బండి మీద ఎత్తు చూసే కర్ర ఫైబర్‌గ్లాసుది పెట్టండి, అల్యూమినియంది వద్దు. మిషన్ కంటే నాలుగు అంగుళాలు ఎక్కువగా, 4.65 దగ్గర దాని కొస ఉండాలి. కొస తగిలితే పైలట్ వెంటనే వైర్‌లెస్‌లో చెప్పాలి, ట్రెయిలర్ ఆగాలి. వైర్‌లెస్ పనిచేయకపోతే ప్రయాణం ఆపేయండి, సెల్‌ఫోన్ సిగ్నల్ ఘాటులో దొరకదు. తీగలు కనిపించాలి కాబట్టి ఊళ్ల ముక్కలు పగలే దాటించండి.

ఒకవేళ తీగ తగిలితే డ్రైవరు క్యాబిన్‌లోనే ఉండాలి. బయట ఉన్నవాళ్లు బండిని ముట్టకూడదు, దగ్గరికి రాకూడదు. 1912కు ఫోన్ చేసి లైను ఆపించాలి, ఆపారని అక్కడి సిబ్బంది వచ్చి చెప్పేదాకా దిగకూడదు. మంటలు వచ్చి దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకాలి. తర్వాత అడుగు పైకి లేపకుండా, పాదాలు కలిపే ఉంచి జరుపుకుంటూ పోవాలి. పెద్ద అడుగు వేస్తే రెండు కాళ్ల మధ్యే కరెంటు పారుతుంది. డ్రైవరు, క్లీనరు ఇద్దరితోనూ ఇది బయల్దేరే ముందే ఒకసారి చేయించి చూడండి.

చివరగా పూణె ఫ్యాక్టరీ వాళ్లకు ఈ రోజే ఫోన్ చేయండి. గేటు మీద ఆర్చి ఎత్తు ఎంత, లోపల రోడ్డు దాటే పైపుల వరుస ఎత్తు ఎంత, షెడ్డు తలుపు ఎత్తు ఎంత, క్రేన్ హుక్ ఎంత పైకి పోతుంది అడగండి. స్కిడ్ తీసేస్తున్నారు కాబట్టి అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ పనికిరాదు. డెక్ మీద మిషన్ పైభాగం 4.55, దాని పైన స్లింగులకు ఒకటిన్నర మీటర్లు, లేపడానికి కొంచెం, అంటే హుక్ కనీసం 6.2 మీటర్లు పోవాలి. అంత పోకపోతే బయటే మొబైల్ క్రేన్‌తో దించి, రోలర్ల మీద లోపలికి నెట్టుకోవాలి. "సరిపోతుందిలే" అన్న జవాబు తీసుకోవద్దు, టేపు పట్టుకుని తీసిన ఫోటో పంపమనండి.